అమెరికా సామ్రాజ్య విస్తరణ - సులూ ఒప్పందం మనకు నేర్పే పాఠం

(దాచేపల్లిలో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, ఈసారి చరిత్ర మీద మాట్లాడండి, ఐతే పిల్లలకు నిద్ర రాకుండా మాట్లాడండి" అన్నారు. ముప్ఫై యేళ్ళు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి గనుక ఆ రెండో షరతు యెంత కష్టమో నాకు తెలుసు. అయినా ప్రయత్నిస్తాను.

విషయం అమెరికా సామ్రాజ్యం. అమెరికా ఎక్కడ, నాగులేటి ఒడ్డున వున్న మన దాచేపల్లి ఎక్కడ అని మీరు అడగవచ్చు. యీ సభలోనే పిల్లల్ని అమెరికా చదువుకు పంపినవాళ్ళున్నారు, పంపాలని పాస్‌పోర్టు చేయించినవాళ్ళున్నారు. పిల్లను ఇచ్చే ఇంటి సంగతి నాలుగు చోట్ల విచారిస్తాం గదా, పిల్లవాణ్ణి పంపే దేశం సంగతి కూడా కాస్త విచారిస్తే తప్పు లేదు.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారి తండ్రిని మేము దాదా అనేవాళ్ళం. ఆయనకు రెండెకరాల చెలక వుండేది. పైన మట్టి జానెడు, కింద అంతా నాపరాయి. రాయి తీసుకోవటానికి అయిదేళ్ళ కౌలు అని చెప్పి ఒకాయన కాగితం తెచ్చాడు. దాదా చదువు రానివాడు కాదు. ఉర్దూ చక్కగా చదివేవాడు, రోజూ ఖురాన్ చదివేవాడు. తెలుగు గలగలా మాట్లాడేవాడు. తెలుగు అక్షరం మాత్రం రాదు. ఆ తెలుగు కాగితం కింద అందంగా ఉర్దూలో సంతకం చేశాడు. అయిదేళ్ళు గడిచాక చేను అడగటానికి వెళితే తెలిసింది, కాగితంలో వున్న మాట కౌలు కాదు, క్రయం. చేను పోయింది. దాదా చనిపోయేదాకా ఒకటే మాట అనేవాడు: "నేను సంతకం చేసింది చెవికి విన్న మాటకు, వాళ్ళు రాయించుకున్నది వేరే మాట."

చాలా యేళ్ళ తర్వాత ఫిలిప్పీన్సు చరిత్ర చదువుతూంటే, సముద్రాల అవతల ఒక సుల్తానుగారికి ఇదే జరిగిందని తెలిసి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

1898వ సంవత్సరం. క్యూబా దీవి అప్పుడు స్పెయిన్ పాలనలో వుంది. ఫిబ్రవరి 15న హవానా రేవులో నిలిచివున్న మెయిన్ అనే అమెరికా యుద్ధనౌక పేలిపోయి రెండువందల అరవై మందికి పైగా చనిపోయారు. ఆ పేలుడు ఎట్లా జరిగిందన్నది యీనాటికీ వాదంలోనే వుంది. కానీ అమెరికా పత్రికలు మాత్రం ఆ మర్నాటి నుంచే స్పెయిన్ మీద వేలు పెట్టి చూపించాయి. ఏప్రిల్‌లో యుద్ధం వచ్చింది. మే 1న డ్యూయీ అనే నౌకాధిపతి మనీలా అఖాతంలో స్పెయిన్ ఓడల్ని ముంచేశాడు. క్యూబాను విడిపించటానికి మొదలైన యుద్ధం, భూగోళానికి అవతలి వైపున వున్న ఫిలిప్పీన్సు దాకా పోయింది చూడండి.

ఫిలిప్పీన్సు ప్రజలు అప్పటికే స్పెయిన్ మీద తిరగబడి వున్నారు. అగినాల్డో నాయకత్వాన జూన్ 12న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఐతే ఆ సంవత్సరం డిసెంబరు 10న పారిస్‌లో స్పెయిన్, అమెరికా కూర్చుని సంధి రాసుకున్నాయి. ఆ సంధిలో ప్యూర్టోరికో, గ్వామ్ అమెరికాకు వచ్చాయి. ఫిలిప్పీన్సుకు మాత్రం అమెరికా రెండు కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ బేరంలో ఫిలిప్పీన్సు వాళ్ళకు కుర్చీ వేయలేదు. హవాయి దీవుల్ని అంతకుముందే, ఆ జూలైలోనే కలుపుకున్నారు. క్యూబాకు స్వాతంత్ర్యం ఇచ్చామన్నారుగాని, కావలసినప్పుడు జోక్యం చేసుకునే హక్కును 1901లో ప్లాట్ సవరణ పేరుతో రాయించుకున్నారు. 1903లో గ్వాంటనామో రేవు తీసుకున్నారు, అది ఇప్పటికీ వాళ్ళ చేతిలోనే వుంది. ఒక్క అయిదేళ్ళలో, ఇంగ్లీషువాళ్ళ రాజ్యం మీద తిరగబడి పుట్టిన దేశం, తానే ఒక రాజ్యం సంపాదించింది.

1899 ఫిబ్రవరి 4న మనీలా దగ్గర అమెరికా సైనికులకూ ఫిలిప్పీన్సు సైనికులకూ కాల్పులు మొదలైనాయి. మూడేళ్ళ పైచిలుకు యుద్ధం జరిగింది. యుద్ధం, కరువు, కలరా కలిసి రెండు లక్షల మంది దాకా మామూలు జనం చనిపోయారని అమెరికా ప్రభుత్వ చరిత్రకారులే రాశారు.

యుద్ధమంతా ఉత్తరాన లూజాన్ దీవిలో జరుగుతోంది. దక్షిణాన సులూ, మిందనావో దీవుల్లో ముస్లిములు వున్నారు. స్పెయిన్‌వాళ్ళు వాళ్ళను మోరోలు అన్నారు. సులూకు వందల యేళ్ళుగా సుల్తానులున్నారు. మూడు వందల యేళ్ళు పోరాడినా స్పెయిన్ వాళ్ళను పూర్తిగా లొంగదీయలేకపోయింది. రెండు వైపులా ఒకేసారి యుద్ధం చేయటం అమెరికాకు కష్టం. అందుకని జనరల్ బేట్స్ అనే ఆయన్ను సులూ రాజధాని జోలోకు పంపారు. 1899 ఆగస్టు 20న సుల్తాన్ జమాలుల్ కిరామ్‌తో ఒప్పందం జరిగింది. సుల్తాను గౌరవానికి భంగం రాదు, మతం విషయంలో జోక్యం వుండదు, నెలనెలా భత్యం ఇస్తాం అన్నారు.

ఇక్కడ పిల్లలు జాగ్రత్తగా వినాలి. ఆ ఒప్పందం రెండు భాషల్లో రాశారు. ఒకటి ఇంగ్లీషు. రెండోది సులూవాళ్ళ టౌసుగ్ భాష, అరబ్బీ లిపిలో. ఇంగ్లీషు ప్రతిలో మొదటి షరతు యేమిటంటే, సులూ దీవులన్నిటిమీదా అమెరికా సార్వభౌమాధికారాన్ని సుల్తాను ఒప్పుకుంటున్నాడని. టౌసుగ్ ప్రతిలో ఆ మాట లేదు. అందులో వున్నది అమెరికా అండ, సాయం, రక్షణ అన్న భావం. అండ వేరు, అధికారం వేరు. సుల్తాను తన భాషలో వున్న కాగితం చదివి, స్నేహితుణ్ణి సంపాదించుకున్నాననుకున్నాడు. వాషింగ్టన్‌లో వాళ్ళ కాగితం చదివినవాళ్ళు, ప్రజల్ని సంపాదించామనుకున్నారు. మా దాదా కౌలు, క్రయం కథకూ దీనికీ తేడా యేమిటి చెప్పండి? తేడా రెండెకరాలకూ కొన్ని వందల దీవులకూ వున్న తేడా, అంతే.

ఇంకో విశేషం. ఆ సంవత్సరమే ఇస్తాంబుల్‌లో వున్న అమెరికా రాయబారి ఆస్కార్ స్ట్రాస్, టర్కీ సుల్తాన్ అబ్దుల్ హమీద్‌ను కలిసి, సులూ ముస్లిములు అమెరికా మీద తిరగబడకుండా ఒక మాట చెప్పించమని కోరాడు. హజ్‌కు వచ్చివున్న సులూ పెద్దల చేత ఖలీఫా మాట మక్కా నుంచి సులూకు అందిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఇది వినగానే మన దేశ చరిత్ర తెలిసినవాళ్ళకు ఇంకోటి గుర్తుకు రావాలి. దాదాపు వందేళ్ళ ముందు, 1798లో, నెపోలియన్ ఈజిప్టు మీద పడ్డప్పుడు, అప్పటి టర్కీ సుల్తాన్ మూడో సలీమ్ చేత ఇంగ్లీషువాళ్ళు టిప్పు సుల్తాన్‌కు ఉత్తరం రాయించారు. ఫ్రెంచివాళ్ళతో చేరవద్దని దాని సారాంశం. ఆ ఉత్తరాన్ని టిప్పుకు పంపించింది గవర్నర్ జనరల్ వెల్లస్లీ. ఉత్తరం వెనకే సైన్యం వచ్చింది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలింది, టిప్పు సుల్తాన్ కోటలోనే ప్రాణం విడిచాడు. తియ్యటి మాట ముందు, తుపాకి వెనక. ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్ళకు తెలుసు, వాళ్ళ దగ్గర అమెరికావాళ్ళు నేర్చుకున్నారు.

శ్రీరంగపట్నం కూలటంతో కథ అయిపోలేదు. అది మన పల్నాడు దాకా వచ్చింది. ఆ రోజుల్లో మన పల్నాడు ఆర్కాటు నవాబుల కింద వుండేది. టిప్పు కోటలో దొరికిన కాగితాల్లో నవాబులు అతనితో ఉత్తరాలు నడిపినట్టు వుందని వెల్లస్లీ నేరం మోపాడు. 1801 జూలైలో నవాబు ఉమ్దతుల్ ఉమరా చనిపోతే, రాజ్యం కంపెనీకి రాసిమ్మని ఆయన కొడుకును అడిగారు. అతను ఒప్పుకోలేదు. ఒప్పుకున్న బంధువు అజీముద్దౌలాను గద్దెమీద కూర్చోబెట్టి జూలై 31న సంధి రాయించుకున్నారు. ఆదాయంలో అయిదో వంతు నవాబుకు భత్యం, పెత్తనమంతా కంపెనీకి. ఆ సంతకంతో పల్నాడు కంపెనీ చేతికి పోయింది. 1855లో నవాబు వారసుడు లేకుండా చనిపోయేసరికి నవాబు అన్న పదవినే తీసేశారు. మన తాతముత్తాతల్ని ఎవరూ యుద్ధంలో ఓడించలేదు. మద్రాసులో ఒక కాగితం మీద సంతకం పడింది, మనం చేతులు మారిపోయాం.

మళ్ళీ సులూకు వద్దాం. ఉత్తరాన యుద్ధం ముగిసిందని 1902లో ప్రకటించారు. ఇక సుల్తాను స్నేహంతో అవసరం తీరింది. 1904 మార్చిలో ఒప్పందాన్ని అమెరికా తనంతట తానే రద్దు చేసుకుంది. సులూలో అల్లర్లు అదుపులో పెట్టలేదన్నారు, బానిసత్వం వుందన్నారు. నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, సులూలో బానిసత్వం వుండేది. అది అన్యాయం. మనవాళ్ళు చేశారని అన్యాయం న్యాయం కాదు. ఐతే 1899లో ఆ బానిసత్వాన్ని చూసీ చూడనట్టు సంతకం చేసినవాళ్ళకు 1904లోనే అది కంటికి కనపడిందంటే, వాళ్ళు చూసింది బానిసల బాధ ఒక్కటే అనుకోవటం కష్టం.

ఒప్పందం పోయాక పన్ను వచ్చింది. మనిషి తలకింత అని సెడులా పన్ను వేశారు. మా నేలమీద మేము బతకటానికి ఎవరికో పన్ను కట్టటమేమిటని జోలో దగ్గర కొన్ని వందల కుటుంబాలు బుద్ దాజో అనే కొండ ఎక్కి కూర్చున్నాయి. అది చల్లారిన అగ్నిపర్వతం. కొండ కొమ్మున గుంటలో ఇళ్ళు వేసుకుని, వరి, కూరగాయలు పండించుకుంటూ, ఆడవాళ్ళూ పిల్లలతో సహా వున్నారు. 1906 మార్చిలో జనరల్ లెనార్డ్ వుడ్ ఆజ్ఞ మీద సైన్యం ఫిరంగులతో కొండ ఎక్కింది. నాలుగు రోజుల్లో ఆరు వందల మంది చనిపోయారని కొందరూ, వెయ్యి దాకా అని కొందరూ రాశారు. బతికినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అమెరికా వైపు పోయినవాళ్ళు ఇరవై మంది దాకా. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ సైన్యాన్ని అభినందిస్తూ తంతి పంపాడు.

యీ కొండ కథ వింటుంటే పల్నాటివాళ్ళకు మన అడవి గుర్తుకు రాకపోతే ఎట్లా? తాతల నాటినుంచి పశువుల్ని మేపుకునే అడవిని సర్కారు అడవి అన్నారు. గొడ్డు గడ్డి మేస్తే పుల్లరి కట్టమన్నారు. 1921లో పల్నాడు రైతులు కట్టమన్నారు. అధికారులకు నీళ్ళు, నిప్పు, పనివాళ్ళు అందకుండా చేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును తుపాకులతో కాల్చారు. ఆ పేరు తెలియని ఇల్లు మన పల్నాడులో వుండదు. బుద్ దాజో మీద చనిపోయినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఐతే మన హనుమంతు ఎందుకు చనిపోయాడో తెలిసినవాళ్ళకు, వాళ్ళు ఎందుకు చనిపోయారో ఎవరూ వివరించనక్కరలేదు. వాళ్ళది ఒక మతం, ఈయనది ఒక మతం. తలమీద పన్ను, గడ్డిమీద పన్ను, రెండూ ఒకే రకం పెత్తనం నుంచి పుట్టాయి.

ఇంతా విని, అమెరికావాళ్ళంతా దుర్మార్గులని పిల్లలు ఇంటికి పోయి చెబితే నేను మాస్టారుగా ఓడిపోయినట్టే. 1898 జూన్‌లోనే బోస్టన్‌లో పెద్దలు కొందరు సభ పెట్టి, ఆ సంవత్సరమే సామ్రాజ్య వ్యతిరేక సంఘం పెట్టుకున్నారు. మార్క్ ట్వేన్ అనే గొప్ప రచయిత, 1896లో మన దేశమంతా తిరిగి వెళ్ళినవాడు, ఆ సంఘానికి ఉపాధ్యక్షుడుగా వుండి చనిపోయేదాకా రాస్తూనే వున్నాడు. బుద్ దాజో వార్త చదివి ఆయన మండిపడుతూ రాసిన రాతలు ఆయన చనిపోయాక గాని అచ్చుకాలేదు. కందకంలో గుట్టలుగా పడివున్న శవాల ఫోటో ఒకటి బయటికి వస్తే, నీగ్రోల హక్కుల కోసం పోరాడిన పండితుడు డుబోయిస్, దాన్ని పెద్దది చేయించి తన తరగతి గదిలో పెట్టాలన్నాడు. తమ సర్కారు చేసిన తప్పును తమ భాషలోనే ఎత్తి చూపిన ఆ అమెరికన్లకు మనం సలాం చేయాలి.

అంతదాకా ఎందుకు, మన గుంటూరు చూడండి. 1842లో ఫాదర్ హైయర్ వచ్చారు. తర్వాత మన గురజాలలో కూడా వుండి పనిచేశారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అనే ఆవిడ వచ్చారు. ఆవిడ కట్టించిన ఆడవాళ్ళ ఆసుపత్రి 1898 జూన్‌లో తెరిచారు. తేదీ గమనించారా? మనీలాలో అమెరికా ఫిరంగులు మోగిన యేడే, గుంటూరులో ఒక అమెరికా డాక్టరమ్మ కాన్పులు చేస్తోంది. పరదాలో వుండే మన ఆడవాళ్ళకూ ఆడ డాక్టరు దొరికింది. ఒక దేశం నుంచి రెండూ వస్తాయి. ఏది ఏదో గుర్తుపట్టటానికే చదువు.

తర్వాత సంగతి క్లుప్తంగా చెబుతాను. 1913 జూన్‌లో బుద్ బగ్సాక్ కొండమీద పెర్షింగ్ సైన్యం మరోసారి వందలమందిని చంపింది. 1915లో సుల్తాను చేత రాజ్యాధికారం వదులుకున్నట్టు రాయించుకుని, మతపెద్దగా మాత్రం వుండమన్నారు. మన ఆర్కాటు నవాబు కథకు ఇది నకలు. 1946 జూలై 4న ఫిలిప్పీన్సుకు స్వాతంత్ర్యం వచ్చింది. మోరోల గొడవ మాత్రం తీరలేదు. యేళ్ళతరబడి రక్తం కారాక, 2014లో శాంతి ఒప్పందం, 2019లో బంగ్సమోరో స్వయంపాలన ప్రాంతం వచ్చాయి. సులూ అందులో భాగం కాదని 2024లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1899లో ఒక్క మాట దగ్గర పడ్డ ముడి నూటపాతికేళ్ళయినా పూర్తిగా విడలేదన్నమాట.

అందుకని పెద్దలారా, నా మనవి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను.

సామ్రాజ్యం అంటే ఓడలూ ఫిరంగులే అనుకుంటాం. అవి వచ్చేసరికి ఆలస్యమైపోయి వుంటుంది. ముందు వచ్చేది కాగితం. మన చేత చదివించని కాగితం, చదివినా మనకు ఒకటి చెప్పి తమకు ఒకటి రాసుకున్న కాగితం. సుల్తాను చదువురానివాడు కాదు, మా దాదా చదువురానివాడు కాదు. ఇద్దరికీ లేనిది అవతలివాడి భాషలో చదువు. మన పిల్లలకు ఉర్దూ, అరబ్బీ నేర్పుతున్నాం, అది మంచిది, అది మానవద్దు. దానితోపాటు తెలుగు రాత బాగా రావాలి, ఇంగ్లీషు దస్తావేజు చదివి అర్థం చెప్పగలగాలి. మగపిల్లలకు ఎంతో ఆడపిల్లలకూ అంతే. ఎందుకంటే మెహర్ కాగితమూ, ఆస్తి పంపకం కాగితమూ వాళ్ళ పేరునే వస్తాయి.

రెండోది, మన సంఘం ఆఫీసులో వారానికి ఒక సాయంత్రం ఒక బల్ల వేయండి. నాపరాతి గని కౌలైనా, బ్యాంకు అప్పు కాగితమైనా, గల్ఫ్ ఉద్యోగం ఒప్పందమైనా, అమెరికా కాలేజీ కాగితమైనా, సంతకం పెట్టేముందు తెచ్చి అక్కడ చదివించుకోవాలి. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవుడైనా సరే. చదివి పెట్టటానికి రిటైరైన నేనున్నాను, నాకు సాయంత్రాలు పనేమీ లేదు. కళ్ళజోడు నేనే తెచ్చుకుంటాను, బల్ల మాత్రం మీరు వేయండి.

పిల్లలూ, మీలో ఎవరన్నా రేపు అమెరికా వెళితే, బాగా చదవండి, బాగా సంపాదించండి, అక్కడి మంచివాళ్ళతో స్నేహం చేయండి. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం, సులూ సుల్తానునూ, యీ ముసలి మాస్టారి దాదానూ ఒక్కసారి తలుచుకుని, మొదటి షరతు మళ్ళీ చదవండి.